గీత హెడ్‌ది, చుక్క రోలర్‌ది

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. మూడింటికి లారీ వచ్చి లేబుల్ మెషీన్‌ను తీసుకుపోతుంది. ఆలోగా ఆ మెషీన్ చేత మాట్లాడించలేకపోతే, రేపు పదకొండింటికి కోర్టులో రహీల్ తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. ఆఖరికి రహీల్ కూడా.

పొద్దున పదింటికి కమలాబాయి స్టేషన్లో అతన్ని కలిసింది. ఐదు రోజులుగా ‘నాకేం తెల్వది’ అన్న ఒక్క మాట మీద నిలబడ్డవాడు, ఆమె దొంగ లేబుల్ ఫోటో చేతికివ్వగానే దాన్ని చాలాసేపు చూశాడు. అందులో అంతసేపు చదవడానికి ఏమీ లేదు. చూసి, ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టి, “నేనే చేసిన మేడమ్. రాస్కోండ్రి” అన్నాడు. తర్వాత ఎన్ని అడిగినా తల ఎత్తలేదు.

అబద్ధం చెప్పేవాళ్లు తప్పించుకోవడానికి చెప్తారు. ఇరుక్కోవడానికి చెప్పేవాణ్ణి ఆమె మొదటిసారి చూసింది.

మేడ్చల్‌లో ధర్మేందర్ లేబుల్ యూనిట్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఆమె లోపలికి వచ్చింది. యాభై మూడేళ్ల మనిషి. ఇరవై రెండేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. ఆ ప్రెస్సు మూతపడ్డాక పేట్ బషీరాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని దొంగ సర్టిఫికెట్లు పట్టించే పని మొదలుపెట్టింది. దుండిగల్ వైపు కాలేజీల వాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఫోన్లు చేశారు. ఒక మనిషి చావుతో ముడిపడ్డ కేసు ఆమెకు ఇదే మొదటిది; రహీల్ తల్లి వచ్చి అడిగితే కాదనలేకపోయింది.

చనిపోయింది పద్మమ్మ, రావల్‌కోల్ రైతు. జ్వరానికి సూది వేయించుకుంది. నాలుగు గంటల్లో ప్రాణం పోయింది. మందు సీసా మీద గడువు వచ్చే ఏడాది దాకా ఉంది. లేబుల్‌కు ఆవిరి పట్టి లేపితే కింద ఇంకో లేబుల్ కనిపించింది. దాని ప్రకారం ఆ మందు గడువు దాటి రెండేళ్లు. పోలీసులు అలాంటివే మొత్తం పదకొండు సీసాలు పట్టుకున్నారు. పదకొండింటి మీదా, అక్షరాలను నిలువునా కోస్తూ, వెంట్రుకంత తెల్ల గీత ఉంది. అదే గీత ఈ యూనిట్‌లో రెండో నంబర్ మెషీన్ కొట్టే ప్రతి లేబుల్ మీదా ఉంది. ఆ మెషీన్‌కు మెకానిక్ రహీల్. హెడ్ విప్పే పనిముట్లు అతని సంచిలోనే ఉంటాయి.

కేసు అంతే. గీత కలిసింది, మనిషి దొరికాడు.

“రాండ్రి రాండ్రి కమలాబాయి గారు,” అన్నాడు నగేష్ కుర్చీలోంచి లేవకుండానే. సీఐగా రిటైరయ్యాడు. ఆ మందు సరఫరా చేసిన కంపెనీ తరఫున ఇప్పుడు ప్రైవేటుగా పరిశోధన చేస్తున్నాడు. “దోషి ఒప్పుకున్నంక డిటెక్టివ్ వచ్చుడు మొదటిసారి చూస్తున్న.”

“ఒప్పుకున్నడని మీకు గంటల్నే తెలిసిందా సార్?”

“నా కింద పనిచేసిన పిల్లలే గదా ఆడ.” నవ్వాడు. “మూడింటికి మిషన్‌ను మా గోడౌన్‌కు తీస్కపోతున్నం. పర్మిషన్ కాగితం ఉంది. మీరు చూస్కుంటే ఇప్పుడే చూస్కోండ్రి. కానిస్టేబుల్ ముంగట సీల్ తీస్త.”

“గోడౌన్‌ల దానికేం పని?”

“భద్రత.”

“మీ గోడౌన్‌ల భద్రంగ ఉన్న మందే గదా సార్ పద్మమ్మకు ఇచ్చింది?”

మూల స్టూలు మీద కూర్చున్న కానిస్టేబుల్ కిటికీ వైపు తిరిగాడు. నగేష్ నవ్వు మీసాల దాకా వచ్చి ఆగిపోయింది.

యజమాని ధర్మేందర్ సేఠ్ యూనిట్‌లో లేడు. పొద్దుటి నుంచి అతని ఫోన్ మోగడం లేదు. ఉన్నది ఆపరేటర్ సుచిత్ర ఒక్కతే. ముప్పై ఏళ్లుంటాయి. చున్నీ కొసను వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడింది.

“సుచిత్రా, గంట రిజిస్టర్ తెస్తవా?” అంది కమలాబాయి.

మందుల లేబుళ్లు కొట్టేచోట ఒక పద్ధతి ఉంటుంది. గంటకోసారి మెషీన్‌లోంచి అప్పుడే వచ్చిన ఒక లేబుల్ తీసి, రిజిస్టర్‌లో అతికించి, పక్కన టైము వేసి, సంతకం పెట్టాలి. తేదీ సరిగ్గా పడుతోందా, అక్షరం చెరిగిపోతోందా అని చూసుకోవడానికి ఆ ఏర్పాటు. ఎవరూ చూడరు. ఎవరూ చూడని కాగితాలంటే కమలాబాయికి ఇష్టం. జనం అలాంటి కాగితాల మీదే జాగ్రత్త మరిచిపోతారు.

ఆమె రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని, సంచిలోంచి భూతద్దం తీసి, గత నెల మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు. ఒంటిగంట. ప్రతి లేబుల్ మీదా గీత ఉంది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ.

“ఏందమ్మా, నవల సదువుతున్నరా?” అన్నాడు నగేష్. “గీత ఉందా లేదా? ఉంది. ఇంక ఏం సూస్తరు?”

“గీత కాకుండ ఇంకోటి ఉంది సార్.”

ఒక చిన్న తెల్ల చుక్క. ఈ లేబుళ్లన్నిటికీ ఎడమ అంచున పైనుంచి కింది దాకా ఒక నల్ల పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో ఒకచోట, ఆవగింజలో సగం ఉండే చుక్క. ఒక లేబుల్ మీద పైన, ఇంకో లేబుల్ మీద మధ్యన, మరోదాని మీద అడుగున. గీత మాత్రం ఎప్పుడూ ఒకేచోట.

ఆమె పదకొండు దొంగ లేబుళ్ల ఫోటోలు వరసగా బల్ల మీద పరిచింది. పదకొండింటి మీదా గీత ఉంది. ఒక్కదాని మీదా చుక్క లేదు. ఆమె ఫోటో మీద స్కేలు పెట్టింది. మందు పేరు చుట్టూ ఉన్న గడి కొంచెం ఒరిగి ఉంది. కంటికి తెలిసీ తెలియనంత. స్కేలుకు మాత్రం తెలిసింది.

“సీల్ తీయించండ్రి,” అంది.

ఒంటిగంటా నలభై. కానిస్టేబుల్ టేపు కోశాడు. సుచిత్ర మూత ఎత్తింది. పాతకాలపు టైపు మెషీనంత ఉంది అది. లోపల కింద నల్లటి రబ్బరు రోలర్. దాని మీద పైనుంచి నొక్కుకుని కూర్చున్న హెడ్. లేబుల్ కాగితమూ నల్ల రిబ్బనూ ఆ రెండింటి మధ్య నుంచి జారుతాయి. హెడ్ అంచున వరసగా ఉండే సన్నని పాయింట్లు ఎక్కడ వేడెక్కితే అక్కడ నలుపు కాగితానికి అంటుతుంది.

“హెడ్‌ల ఒక పాయింట్ కాలిపోయింది మేడమ్,” అంది సుచిత్ర. “అందుకే గీత వస్తాంది. కొత్త హెడ్ తెప్పియ్యాలని రహీల్ రెండు నెలల సంది చెప్తుండె. సేఠ్ వినలే.”

కమలాబాయి రోలర్‌ను వేలితో మెల్లగా తిప్పింది. ఒకచోట గోటికి ఏదో తగిలింది. రబ్బరులో చిన్న గాటు.

“గిదెట్ల పడ్డది?”

“బ్లేడ్‌తోటి కాగితం తీయబోతే నాదే చెయ్యి జారింది. సంక్రాంతి ముందట.” సుచిత్ర గొంతు తగ్గించింది. “సేఠ్‌కు చెప్పలే.”

“మంచి పని చేసినవ్.” కమలాబాయి నగేష్ వైపు తిరిగింది. “సార్, గీత హెడ్‌ది. చుక్క రోలర్‌ది. ఈ మిషన్ల కొట్టిన ప్రతిదాని మీద రెండూ ఉంటయ్. దొంగ లేబుళ్ల మీద గీత ఒక్కటే ఉంది. హెడ్ గిదే. మిషన్ మాత్రం గిది గాదు.”

నగేష్ లేచి వచ్చాడు. ఫోటోలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. చూడడంలో తొందరపడలేదు. ఎంతైనా ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషి.

“వాడు మెకానిక్. ఇంకో రోలర్ వేసుకుని కొట్టి, మళ్ల పాతది పెట్టిండు. అంతే గదా?”

“అట్లయితే ఈ గడి ఎందుకు ఒరిగింది?”

“హెడ్ వంకర పెట్టిండు.”

“అయితే మీరూ పెట్టండ్రి.”

“ఏంది?”

“వంకర పెట్టి సూపెట్టండ్రి సార్. గిదే మిషన్ల.”

సుచిత్ర లాక్ లివర్ పైకెత్తింది. స్ప్రింగుల బిగువు వదిలి, హెడ్‌ను మోసే ఇనుప పట్టీ రోలర్ మీద నుంచి లేచింది. నడుమ ఉన్న ఒక్క స్క్రూ విప్పగానే హెడ్ ఆమె అరచేతిలోకి వచ్చింది. దువ్వెన పొడవున్న అల్యూమినియం ముక్క. పైన ఖాళీ అయిన పట్టీకి రెండు ఉక్కు పిన్నులు, ఒకటి ఎడమన, ఒకటి కుడిన. హెడ్ వీపున ఆ పిన్నులు దూరే జాగాలు రెండు. ఒకటి గుండ్రటి రంధ్రం. రెండోది కొంచెం పొడుగ్గా, గుండీ కాజాలా ఉంది.

“రెండూ గుండ్రంగ ఎందుకు లేవు?” అన్నాడు నగేష్.

సుచిత్ర కమలాబాయి వైపు చూసింది. చెప్పమన్నట్టు ఆమె తల ఊపింది.

“హెడ్ వేడికి పెరుగుతది సార్. రెండూ గుండ్రంగుంటే పట్టేసుకుంటది. గుండ్రటిది దాని జాగా చెప్తది, పొడుగుది తిరగకుండ పడ్తది. స్క్రూ ఉత్తగ పట్టుకుంటది, అది జాగా సూపెట్టదు. రహీల్ నేర్పిండు. స్క్రూ గట్టిగ బిగియ్యొద్దు అనేటోడు. కొంచెం ఊగాలె, అప్పుడే రోలర్ మీద రెండు దిక్కుల సమంగ కూసుంటది అని.”

నగేష్ హెడ్ తీసుకున్నాడు. పట్టీ కింద పెట్టి ఎడమకు ఒరిగించి నొక్కాడు. టక్కుమని పిన్నుల్లోకి సర్దుకుంది. తిన్నగా. తీసి, కుడికి ఒరిగించి నొక్కాడు. టక్. మూడోసారి బొటనవేలితో ఒక కొసను అదిమి పట్టుకుని, స్క్రూ బిగించాడు. వేలు తీసి చూశాడు. తిన్నగానే ఉంది. వేళ్లకు మసి అంటింది.

“పిన్నులు ఉన్నంతసేపు వంకర పోదు సార్,” అంది కమలాబాయి. “దొంగ లేబుల్ కొట్టిన మిషన్‌కు ఒక పిన్ను లేదు.”

నగేష్ రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. “మంచిగ జెప్పిండ్రు. ప్రెస్సుల అచ్చు తప్పులు దిద్దిన చెయ్యి గదా. అయితే ఏమైంది? హెడ్ జేబుల ఏస్కొని పోయిండు, ఇంకో మిషన్ల కొట్టిండు, తెచ్చి మళ్ల పెట్టిండు. హెడ్ విప్పెటోడు ఈడ ఎవ్వడు? రహీల్. మీరు వాని మీద కేసు ఇంకింత గట్టి చేసిండ్రు.”

ఆ మాటలో నిజం ఉంది. కమలాబాయి టైము చూసుకుంది. రెండుంపావు. మళ్లీ కుర్చీలో కూర్చుని రిజిస్టర్ తెరిచింది.

హెడ్ బయటికి వెళ్తే మెషీన్ ఆగాలి. మెషీన్ ఆగిన గంటలో లేబుల్ ఉండకూడదు. కానీ రిజిస్టర్‌లో ఒక్క గంట కూడా ఖాళీ లేదు.

ఆమె ఈసారి గీతను వదిలేసి చుక్కను మాత్రమే పట్టుకుంది. రోలర్ చుట్టుకొలత లేబుల్ కంటే రవ్వంత పెద్దది. అందుకని ఒక లేబుల్ నుంచి పక్క లేబుల్‌కు చుక్క రెండు మిల్లీమీటర్లు కిందికి జరుగుతుంది. గంటకోసారి తీసిన లేబుళ్లలో వేల తిరుగుళ్లు గడిచిపోతాయి కాబట్టి చుక్క ఎక్కడైనా ఉండొచ్చు, ఒక వరస ఉండదు. చాలా రోజుల్లో అలాగే ఉంది. గత నెల రెండో గురువారం దగ్గర ఆమె స్కేలు ఆగింది. పన్నెండు గంటల లేబుల్‌లో చుక్క పైనుంచి ఆరు మిల్లీమీటర్లు. ఒంటిగంట లేబుల్‌లో ఎనిమిది. రెండు గంటల లేబుల్‌లో పది.

మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఒకేసారి చింపి, మూడు గంటల పేర్లతో అతికించినవి.

ఆ తర్వాతి గురువారం, మళ్లీ అంతే. ఆ తర్వాతి గురువారమూ అంతే. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం మూడింటి లేబుల్ మీద కుడివైపు అక్షరాలు పాలిపోయి ఉన్నాయి. మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ చక్కగా ఉన్నాయి.

“సుచిత్రా, ఇటు రా బిడ్డా. కూసో.”

సుచిత్ర కూర్చోలేదు.

“గీ మూడు లేబుళ్లు ఎప్పుడు అతికిచ్చినవ్?”

“టైంకే మేడమ్. సంతకం ఉంది గదా.”

“సంతకం ఉంది. నేను గూడ ఇరవై రెండేండ్లు సంతకాలు పెట్టిన. ఎన్నిసార్లు సూడకుండ పెట్టిన్నో నాకెరుక.” స్కేలును రిజిస్టర్ మీద ఆనించింది. “ఆరు, ఎనిమిది, పది. మిషన్ అబద్ధం ఆడదు. పన్నెండింటికే మూడూ చింపినవ్.”

చున్నీ కొస వేలి చుట్టూ బిగుసుకుంది.

“అందరం గట్లనే చేస్తం మేడమ్. తినేటప్పుడు ఎవరు లేస్తరు? ముందుగాలే అతికిచ్చి పెట్టుకుంటం.”

“తినడానికి మూడు గంటలా?”

సుచిత్ర రిజిస్టర్ మూయబోతే కమలాబాయి చెయ్యి అడ్డం పెట్టింది.

“సుచిత్రా, రేపు ఆ పిలగాడు ఒప్పుకున్నడని జడ్జి ముందట చెప్తరు. ఇంక బయటికి వచ్చుడు నా వల్ల గాదు, ఎవ్వరి వల్ల గాదు. మిషన్ ఎందుకు బంద్ ఉండె?”

సుచిత్ర కానిస్టేబుల్ వైపు చూసింది, నగేష్ వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సేఠ్ వచ్చేటోడు. హెడ్ క్లీనింగ్ అనేటోడు. నువ్వు పోయి తిను, రిజిస్టర్ మాత్రం ఖాళీ ఉంచకు అనేటోడు. హెడ్ తానే విప్పేటోడు. తువ్వాలల చుట్టుకుని బయటికి పోయేటోడు. మూడింటికి తెచ్చి బిగిచ్చేటోడు. మస్తు గట్టిగ బిగిచ్చేటోడు, అందుకే ఒక దిక్కు అచ్చు పడకపోయేది. పొద్దుగాల రహీల్ వచ్చి, స్క్రూ ఎవరు ముట్టిండ్రని నన్ను తిట్టి, వదులు చేసేటోడు.”

“ఆ మూడు గురువారాలు రహీల్ యాడ ఉండె?”

“సేఠే పంపేటోడు. దుండిగల్ల కాలేజీల ఐడీ కార్డుల మిషన్ ఉంది. పదకొండింటికి పోయి నాలుగింటికి వచ్చేటోడు. సర్వీస్ బుక్కుల కాలేజోళ్ల సంతకాలు ఉంటయ్.”

సర్వీస్ బుక్ అల్మరాలోనే ఉంది. మూడు తేదీలు, మూడు స్టాంపులు, రాక పోకల టైములు. కమలాబాయి దాన్ని నగేష్ ముందు పెట్టింది. అతను నిలబడే చదివాడు.

“ఈ మాట ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?” అని సుచిత్ర మీద అరిచాడు.

“మీరు అడగలే సార్. గీత సూపెట్టి, గిది ఈ మిషన్‌దేనా అన్నరు. ఔనన్న.”

కానిస్టేబుల్ దగ్గాడు. నగేష్ మెడ ఎర్రబడింది. మూడింటికి లారీ వచ్చి హారన్ కొట్టినప్పుడు అతను బయటికి వెళ్లి దాన్ని ఆపమన్నాడు. పంచనామాలో పిన్నుల సంగతి, చుక్కల సంగతి, గురువారాల సంగతి రాయించి, కింద తనూ సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ ఒక్క మాట అన్నాడు.

“ధర్మేందర్ దొంగే అనుకుందం. మరి ఆ పోరడు నేనే చేసిన అని ఎందుకు అన్నడు? కొట్టలే, తిట్టలే. వాడు ఏందో దాస్తుండు కమలాబాయి. నేను మిషన్లు సదవకపోవచ్చు, మనుషుల్ని సదువుత.”

కమలాబాయి వెళ్లబోతూ సుచిత్రను అడిగింది. “గిసొంటి మిషన్ ఇంకోటి ఈడ ఉండెనా?”

“మూడో నంబర్ ఉండె. కింద పడి పిన్ను ఇరిగింది. పోయినేడు స్క్రాప్‌ల అమ్మేసిండ్రు. ఎవరు కొన్నరో సేఠ్‌కే ఎరుక.”

*

నాలుగున్నరకు షామీర్‌పేటలో షేర్ ఆటో దిగింది. మబ్బు పట్టి ముందే చీకటి పడ్డట్టుంది. రహీల్ తల్లి కుల్సుమ్ ఇల్లు రెండు గదులు, రేకుల కప్పు. తలుపు తీసిన మనిషి మొహం చూసి కమలాబాయి గుమ్మంలోనే చెప్పేసింది.

“నీ కొడుకు ఆ టైంల ఆడ లేడు చెల్లె. రుజువు దొరికింది. నగేష్ సారే సంతకం పెట్టిండు.”

కుల్సుమ్ నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచింది. “కూసో అక్కా. చాయ్ పెడ్త. పొద్దుటి సంది పొయ్యే ముట్టియ్యలే.”

“ఒక్క సంగతి తెల్వాలె. పొద్దున దొంగ లేబుల్ సూసినంక వాడు నేనే చేసిన అన్నడు. ఎందుకో నీకేమన్న ఎరుకనా?”

“నా కొడుకు అబద్ధం ఆడడు అక్కా. అల్లా కసమ్.” ఆమె వీపు తిప్పి పొయ్యి వెలిగించింది. “భయానికి అన్నడేమో.”

గోడకు చెక్క అలమరా. అందులో వరసగా రేకు డబ్బాలు. చీమలు పట్టకుండా మూత చుట్టూ తెల్ల కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. కమలాబాయి ఊరికే చూస్తోంది. అచ్చయిన కాగితం ఎక్కడ కనబడ్డా ఆమె కళ్లు చదువుతాయి, ఆపడం ఆమె వశంలో లేదు.

అవి లేబుళ్లు.

లేచి దగ్గరికి వెళ్లింది. చక్కెర డబ్బా మూత మీద నల్ల పట్టీ. పట్టీలో చుక్క లేదు. అక్షరాల్ని కోస్తూ వెంట్రుకంత గీత. గడి ఒరిగి ఉంది. ఇంజెక్షన్ పేరు. పద్మమ్మకు ఇచ్చినదే.

వెనక చాయ్ గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి.

“ఇవి యాడియి కుల్సుమ్?” మూత మీంచి వేలు తీయకుండానే అడిగింది.

“పాడైనయి అక్కా. మొదటి నాలుగైదు మంచిగ రావు గదా. జిగురు మంచిగుందని పారెయ్యలే.” కుల్సుమ్ మొహంలో ఐదు రోజుల తర్వాత చిన్న వెలుగు వచ్చింది. “నా కొడుకు తెచ్చిన మిషన్. స్క్రాప్‌ల కొని బాగుచేసిండు. ఊరగాయలోళ్లకు స్టిక్కర్లు కొట్టిస్తం అన్నడు. దాని హెడ్ కాలిపోతే మూల పడ్డది. గప్పుడు సేఠ్ వచ్చిండు. హెడ్ నేను తెస్త, షాంపూ సీసాల పేర్లు కొట్టియ్యమ్మా, రహీల్‌కు చెప్పకు, డ్యూటీల ఉన్నోని ఇంట్ల పని అని కంపెనోళ్లు ఒప్పుకోరు అన్నడు. గురువారం గురువారం వచ్చేటోడు. రహీల్ పొయ్యి దిక్కు సూడడు, వానికి తెల్వది.”

“దీని మీద ఏం రాసుందో సదివినవా?”

“ఖురాన్ సదువుత. ఇంగ్లీష్ నాకెట్ల వస్తది?”

లోపలి గదిలో మంచం పక్కన దుప్పటి కప్పి ఉంది. కమలాబాయి దుప్పటి తీసింది. మూత ఎత్తింది. ఎడమన ఒక పిన్ను. కుడిన, పిన్ను ఉండాల్సిన చోట, గోరంత గుంత.

రహీల్ ఈ మెషీన్‌ను తన చేతుల్తో బాగుచేశాడు. దీని ఒరుగు అతనికి తెలుసు. పొద్దున ఫోటో చూసిన మరుక్షణం, దొంగ లేబుల్ ఎవరి ఇంట్లో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా తెలిసిపోయింది.

కమలాబాయి చెప్పింది. మెల్లగా, ఒక్కో మాట. పద్మమ్మ సంగతి, లేబుల్ కింద లేబుల్ సంగతి, కొడుకు ఎందుకు ఒప్పుకున్నాడో ఆ సంగతి. కుల్సుమ్ విన్నంతసేపూ తన రెండు చేతుల వైపే చూసుకుంది. పొయ్యి మీద నీళ్లు ఇగిరి గిన్నె మాడుతున్న వాసన వచ్చింది.

తర్వాత కమలాబాయి వెళ్లి పొయ్యి ఆర్పింది. అప్పుడు కనబడింది, కింది వరసలో శనగపప్పు డబ్బా. దాని మీద లేబుల్ కొత్తగా, తెల్లగా ఉంది. గడి ఒరిగి ఉంది. గీత మాత్రం లేదు.

“ఇది ఎప్పటిది?”

“నిన్నటిది. సేఠ్ ఇంకో హెడ్ తెచ్చిండు. మంచిదట. రహీల్‌ను ఇడిపించనీకె వకీల్‌ను పెడ్త, ఈ పని ఒక్కటి చేసియ్యమ్మా అన్నడు.”

నిన్న. రహీల్ లాకప్‌లో ఉండి ఐదో రోజు. ఒరిగిన గడి, మెషీన్, తేదీ. రేపు కోర్టులో ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. ఆమె డబ్బాను వెలుతురుకు పట్టుకుని చదివింది. పిల్లల జ్వరం సిరప్. ఐదేళ్ల లోపు.

“ఎన్ని కొట్టినవ్?”

“మూడు రోల్స్.”

“యాడున్నయ్?”

“పొద్దుగాల ఫజర్ నమాజ్ కాంగనే ఆటో వచ్చి తీస్కపోయింది.”

కమలాబాయి ఫోన్ తీసింది. మందు సీసాల్ని ఆపగలిగే మనిషి ఆమెకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. నగేష్ మొదటి రింగుకే ఎత్తాడు. ఆమె సిరప్ పేరు చెప్పింది. అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

“అది మా కంపెనీదే,” అన్నాడు. గొంతులో ఎకసెక్కెం లేదు. “బండ్లు ఆపిస్త. నా నౌకరీ పోతే పోనీ. నువ్వు మాత్రం ఆ మిషన్‌ను కదలనీయకు. వస్తున్న. ఇరవై నిమిషాలు.”

ఫోన్ పెట్టేసరికి కుల్సుమ్ పక్కన నిలబడి ఉంది.

“గిది చూపెడితే నా కొడుకును ఇడుస్తరా అక్కా?”

“ఇడుస్తరు.”

“మరి నన్ను?”

కమలాబాయి అబద్ధం ఆడదల్చుకోలేదు. “తెల్వది చెల్లె. నీకు తెల్వక చేసినవని నేను జెప్త. ఇంటరో లేదో తెల్వది.”

కుల్సుమ్ తల ఊపింది. శనగపప్పు ఒక పేపరు మీద పోసి, లేబుల్ చినగకుండా ఖాళీ డబ్బా మూతతో సహా కమలాబాయి చేతికిచ్చింది. చక్కెర డబ్బా కూడా ఇచ్చింది. మేకుకు ఉన్న బుర్ఖా తీసి తొడుక్కుంది.

అప్పుడే బయట కారు ఆగింది. డోరు పడిన చప్పుడు. ఒకటి కాదు, మూడు. తలుపు మీద మూడుసార్లు తట్టారు.

“అమ్మా, నేను ధర్మేందర్‌ను. మిషన్ కోసం వచ్చిన. జల్దీ తియ్యి.”

కుల్సుమ్ అడుగులో అడుగు వేసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లింది. కమలాబాయి డబ్బాలు ఛాతీకి అదుముకుంది. తన కొడుక్కు జీతమిచ్చే మనిషికి కుల్సుమ్ ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

ఆమె పై గడియ పెట్టింది. కింది గడియ కూడా పెట్టింది. తర్వాత తలుపుకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని నేల మీద కూర్చుంది. అవతల నుంచి భుజంతో గుద్దినప్పుడల్లా ఆమె ఒళ్లంతా ఊగుతోంది.

“ఎన్ని నిమిషాలు అన్నడక్కా ఆ సారు?” అంది.